తగుదునమ్మా అని తలదూర్చే పిల్లలు – ఎనిడ్ బ్లైటన్ జీవితం

1. పరిచయం

మీ వీధిలో ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఎవరింట్లో పోట్లాట జరిగినా, ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా పిలవకుండానే వెళ్తారు. మంచీ చెడూ చెబుతారు. ఒక్కోసారి పని చక్కబెడతారు, ఒక్కోసారి చెడగొడతారు. ఆ మనిషి వెళ్ళిపోయాక తగుదునమ్మా అని వచ్చిందని విసుక్కునేవాళ్ళు ఉంటారు. ఆమే రాకపోతే మా గతి ఏమయ్యేదని కళ్ళు తుడుచుకునేవాళ్ళూ ఉంటారు.

ఇంగ్లండులో ఆడపిల్లల హాస్టలు బడుల మీద రాసిన కథల్లో ఇలాంటి మనుషులే నాయికలు. ఆ కథలు రాసిన వారిలో మన దేశంలో బాగా తెలిసిన పేరు ఎనిడ్ బ్లైటన్. మన నగరాల్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లలు కొన్ని తరాలుగా ఆమె పుస్తకాలు చదువుతూ వచ్చారు. మీ పిల్లల సంచిలోనో, గ్రంథాలయంలోనో ఆ పేరు మీరు చూసి ఉండవచ్చు. ఈ పాఠంలో ఆమె జీవితం తెలుసుకుందాం. పరుల విషయాల్లో తలదూర్చే పిల్లలను ఆమె పాఠకులు ఎందుకు అంతగా ఇష్టపడ్డారో ఆలోచిద్దాం.

2. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు –
• ఎనిడ్ బ్లైటన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఆమె బడి కథల్లోని నాయికల గుణదోషాలను వివరించగలుగుతారు.
• సాయం చేయడానికీ, కూపీలు లాగడానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• తలదూర్చు, నోరు మెదపకపోవు వంటి జాతీయాలను సొంత వాక్యాల్లో వాడగలుగుతారు.

3. మూలపాఠం

3.1 గుట్టుగా గడిచిన బాల్యం

ఎనిడ్ మేరీ బ్లైటన్ 1897 ఆగస్టు 11న లండన్ నగరంలోని ఈస్ట్ డల్విచ్ అనే పేటలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో ఆమే పెద్దది. ఆమె తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. ఆమె పుట్టిన కొద్దికాలానికే కుటుంబం దగ్గరలోని బెకన్‌హామ్‌కు మారింది. తండ్రి థామస్ కేరీ బ్లైటన్ కత్తులు, చెంచాలు వంటి సామాను అమ్మే పని చేసేవాడు. ఆయనకు పుస్తకాలు, సంగీతం, చెట్టూ పిట్టా అంటే ఇష్టం. కూతురిని వెంటబెట్టుకొని పొలాల వెంట తిరిగేవాడు. పూల పేర్లు, పిట్టల పేర్లు చెప్పేవాడు. తల్లికి ఇవేవీ నచ్చేవి కావు. ఆడపిల్ల ఇంటి పని నేర్చుకోవాలన్నది ఆమె పట్టుదల.

తల్లిదండ్రులకు పొసగలేదు. 1910లో తండ్రి మరొక స్త్రీ కోసం ఇల్లు విడిచి వెళ్ళాడు. అప్పటికి ఎనిడ్‌కు సుమారు పదమూడేళ్ళు. తల్లి లోకానికి వెరచింది. నాన్న ఏడని ఎవరైనా అడిగితే ఊరెళ్ళాడని చెప్పమని పిల్లలకు నేర్పింది. పిల్లలు అలాగే చెప్పారు. ఆ గుట్టు చాలాకాలం దాగింది. ఎనిడ్ తన గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకొని కథలు రాసుకునేది. తన బాధను గురించి స్నేహితురాళ్ళ దగ్గర కూడా నోరు మెదపలేదు.

బడిలో మాత్రం ఆమె వేరే మనిషి. 1907 నుంచి 1915 వరకు ఆమె బెకన్‌హామ్‌లోని సెయింట్ క్రిస్టఫర్స్ బాలికల పాఠశాలలో చదివింది. ఆటల్లో ముందుండేది. తోటి పిల్లలను నవ్వించేది. చివరికి మొత్తం పాఠశాలకే విద్యార్థి నాయకురాలైంది. ఒక విషయం గమనించండి. అది హాస్టలు బడి కాదు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళే బడి. హాస్టలు బడుల గురించి అన్ని పుస్తకాలు రాసిన ఈమె తాను ఎన్నడూ హాస్టల్లో ఉండి చదువుకోలేదు.

మీరు చదివింది సరిచూసుకోండి – 1
ఖాళీలను పూరించండి.
(అ) ఎనిడ్ బ్లైటన్ పుట్టిన సంవత్సరం ________.
(ఆ) తండ్రి ఇల్లు విడిచిన విషయాన్ని పిల్లలు ________ అని చెప్పి దాచారు.
(ఇ) ఎనిడ్ చదివిన పాఠశాల పేరు ________.

3.2 టీచరు నుంచి రచయిత్రి

కూతురు పియానో విద్వాంసురాలు కావాలని తండ్రి కోరిక. ఎనిడ్ ఏళ్ళ తరబడి సాధన చేసింది. కాని ఆమె మనసు రచన మీద ఉంది. పిల్లల కోసం రాయాలంటే పిల్లలు తెలియాలి గదా అనుకుంది. 1916లో సంగీతం మానేసి ఇప్స్‌విచ్ పట్టణంలో ఉపాధ్యాయ శిక్షణలో చేరింది. ఆటపాటలతో పిల్లలకు చదువు చెప్పాలన్న ఫ్రోబెల్ పద్ధతిని అక్కడ నేర్చుకుంది. తల్లి ఇంటికి మాత్రం దూరమైంది.

1919లో ఒక బాలుర పాఠశాలలో ఏడాది పాటు పనిచేసింది. తర్వాత సర్బిటన్ అనే ఊళ్ళో ఒక కుటుంబంలోని నలుగురు మగపిల్లలకు నాలుగేళ్ళు చదువు చెప్పింది. చుట్టుపక్కల పిల్లలు కూడా వచ్చి చేరడంతో అది ఒక చిన్న బడిగా మారింది. తాను రాసిన కథలను ముందుగా ఆ పిల్లలకే చదివి వినిపించేది. ఎక్కడ వాళ్ళు కదలకుండా విన్నారో, ఎక్కడ పక్కచూపులు చూశారో గమనించేది. ఆమెకు రచన నేర్పిన గురువులు ఆ పిల్లలే అనవచ్చు.

1922లో ఆమె మొదటి పుస్తకం వచ్చింది. అది 24 పేజీల చిన్న పద్యాల పుస్తకం. 1924లో హ్యూ పోలక్ అనే ప్రచురణ సంస్థ సంపాదకుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఉపాధ్యాయుల పత్రికకు వ్యాసాలు రాసింది. 1926 నుంచి సన్నీ స్టోరీస్ అనే పిల్లల పత్రికకు సంపాదకత్వం వహించింది. 1931లో పెద్ద కూతురు, 1935లో చిన్న కూతురు పుట్టారు. 1938లో కుటుంబం బీకన్స్‌ఫీల్డ్‌లోని గ్రీన్ హెడ్జెస్ అనే ఇంటికి మారింది. మోకాళ్ళ మీద టైపురైటరు పెట్టుకొని రోజుకు 6 వేల నుంచి 10 వేల మాటల దాకా రాయగలిగేది. ఆమె రాసిన పుస్తకాలు సుమారు 700 ఉంటాయి.

3.3 ఆడపిల్లల బడి కథలు

ఆడపిల్లల బడి కథలు ఎనిడ్‌తో మొదలు కాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఏంజెలా బ్రెజిల్ ఈ కథలకు దారి వేసింది. 1925లో ఎలినార్ బ్రెంట్-డయర్ ఆస్ట్రియా కొండల్లోని ఒక బడి గురించి కథలు మొదలుపెట్టింది. అందులో జో బెట్టనీ అనే అమ్మాయి ఉంది. అలిగి ఒంటరిగా కొండెక్కిన తోటి పిల్లను వెతుక్కుంటూ తానూ కొండెక్కి, ఆమెను కాపాడి, తాను జబ్బు పడుతుంది.

ఎనిడ్ ఈ దారిలోనే నడిచింది. 1940లో మహా అల్లరిపిల్ల ఎలిజబెత్ కథ, 1941 నుంచి 1945 వరకు సెయింట్ క్లేర్స్ బడి కథలు ఆరు, 1946 నుంచి 1951 వరకు మాలరీ టవర్స్ బడి కథలు ఆరు వచ్చాయి. మన గురుకుల పాఠశాలలను, హాస్టళ్ళను చూసినవారికి ఆ వాతావరణం కొంత సులువుగా అర్థమవుతుంది. అమ్మానాన్నలు దగ్గర లేరు. వార్డెనుకు అందరి సంగతీ తెలియదు. పక్క మంచం మీది పిల్ల రాత్రి దుప్పటి కప్పుకొని ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నది ఒక్కరే. విననట్టు పడుకోవాలా, లేచి అడగాలా? ఈ కథలన్నింటిలోనూ ఉన్న అసలు ప్రశ్న ఇదే.

3.4 ఎలిజబెత్ చేసిన తప్పు

ఎలిజబెత్ అలెన్ గారాబంతో చెడిన ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో అందరినీ ఏడిపిస్తుంది. తల్లిదండ్రులు ఆమెను వైట్‌లీఫ్ అనే హాస్టలు బడికి పంపుతారు. విపరీతంగా అల్లరి చేస్తే వాళ్ళే ఇంటికి పంపేస్తారని ఎలిజబెత్ పథకం వేస్తుంది. ఆ బడి వింతైనది. వారానికోసారి పిల్లలంతా సమావేశమై తమ తగవులు తామే తీర్చుకుంటారు. అందరి డబ్బూ ఒకే పెట్టెలో వేస్తారు. ఎవరికి ఎంత కావాలో సమావేశంలో అడిగి తీసుకోవాలి.

అక్కడ జోన్ అనే దిగులు పిల్లతో ఎలిజబెత్‌కు స్నేహం కలుస్తుంది. జోన్‌కు తల్లి దగ్గరినుంచి ఉత్తరాలు రావు. పుట్టినరోజు దగ్గర పడుతుంది. తల్లి మరచిపోతుందని జోన్ కుమిలిపోతుంది. అది చూడలేక ఎలిజబెత్ ఒక ఉపాయం ఆలోచిస్తుంది. తన డబ్బుతో పెద్ద కేకు, కానుకలు కొని, జోన్ తల్లి పంపినట్టుగా పంపిస్తుంది. జోన్ ఆనందానికి హద్దు లేదు. ఆ ఆనందంలో తల్లికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాస్తుంది. తానేమీ పంపలేదని తల్లి జవాబిస్తుంది.

జోన్ గుండె పగులుతుంది. వానలో తడుస్తూ తిరిగి తీవ్రంగా జబ్బు పడుతుంది. మంచి చేయబోతే చెడు జరిగింది. ఇప్పుడు ఎలిజబెత్ ఏం చేస్తుంది? దాక్కోదు. జోన్ తల్లికి తానే ఉత్తరం రాసి చేసినదంతా ఒప్పుకుంటుంది. ఆ ఉత్తరం చదివి తల్లి పరుగున వస్తుంది. జోన్‌కు కవల సోదరుడు ఉండేవాడు, పసితనంలోనే చనిపోయాడు. ఆ దుఃఖంలో తల్లి బతికున్న కూతురికి దూరమైంది. అన్నాళ్ళూ ఎవరూ మాట్లాడని ఆ విషయం అప్పుడు బయటపడుతుంది. తల్లీ కూతుళ్ళు ఒకటవుతారు.

ఎలిజబెత్‌కు తొందరపాటు అంతటితో పోదు. తర్వాతి పుస్తకాల్లో ఆమెను తరగతి పెద్దగా ఎన్నుకుంటారు. అప్పుడు స్నేహితుణ్ణే దొంగగా అనుమానిస్తుంది. అది పొరపాటని తేలుతుంది. పదవి పోతుంది. తప్పు ఒప్పుకొని మళ్ళీ మొదటినుంచి మంచి పేరు సంపాదించుకోవలసి వస్తుంది.

3.5 డారెల్ కోపం

మాలరీ టవర్స్ బడి ఇంగ్లండులోని కార్న్‌వాల్ సముద్రతీరంలో ఉన్నట్టు ఎనిడ్ ఊహించింది. డారెల్ రివర్స్ ఆ కథల నాయిక. ఆమె కోపం ముక్కు మీద ఉంటుంది. గ్వెండొలిన్ అనే పిల్ల, మేరీలూ అనే పిరికి పిల్లను ఈతకొలనులో ముంచి పట్టుకోవడం చూసి డారెల్ ఆమె చెంపలు వాయిస్తుంది. అందరి ముందూ క్షమాపణ చెప్పుకోవలసి వస్తుంది. సాలీ అనే అమ్మాయి తనకు చెల్లెలే లేదని అబద్ధమాడుతుంటే, ఆ విషయం పదే పదే కదిపి, కోపం పట్టలేక ఆమెను తోసేస్తుంది. ఆ రాత్రే సాలీకి కడుపునొప్పి వస్తుంది. తన వల్లనే అనుకొని డారెల్ వణికిపోతుంది. నిజానికి అది అపెండిక్స్ జబ్బు. డాక్టరైన డారెల్ తండ్రే వచ్చి ఆపరేషన్ చేస్తాడు. కొత్తగా పుట్టిన చెల్లెలి వల్ల తల్లి తనను పట్టించుకోదేమో అన్న భయంతో సాలీ అబద్ధమాడిందని తర్వాత తెలుస్తుంది.

మేరీలూ పిరికితనం పోగొట్టడానికి డారెల్ మరో పథకం వేస్తుంది. ఈతకొలనులో మునిగిపోతున్నట్టు నటిస్తుంది. మేరీలూ రక్షణచక్రం విసురుతుందని అనుకుంటే, అది ఆ రోజు అందుబాటులో ఉండదు. నీళ్ళంటే భయపడే ఆ పిల్ల ఏమీ ఆలోచించక కొలనులోకి దూకేస్తుంది. ఆటలాడబోతే ప్రాణం మీదికి వచ్చినంత పనవుతుంది. అయినా తనలో ధైర్యం ఉందని మేరీలూకు ఆ రోజే తెలుస్తుంది. తర్వాత గ్వెండొలిన్ ఒక కలం విరగ్గొట్టి ఆ నేరం డారెల్ మీదికి నెడితే, ఇదే మేరీలూ ధైర్యంగా నిజం కనిపెట్టి డారెల్‌ను కాపాడుతుంది.

మీరు చదివింది సరిచూసుకోండి – 2
తప్పో ఒప్పో గుర్తించండి.
(అ) జోన్ పుట్టినరోజు కానుకలు ఆమె తల్లి పంపింది.
(ఆ) ఎలిజబెత్ తన తప్పును ఉత్తరంలో ఒప్పుకుంది.
(ఇ) డారెల్ తోయడం వల్లనే సాలీకి జబ్బు చేసింది.
(ఈ) మేరీలూ డారెల్‌ను కాపాడాలని నీళ్ళలోకి దూకింది.

3.6 ఈ పిల్లలు ఎందుకు నచ్చుతారు?

పరుల విషయంలో తలదూర్చేవారంటే మనకు సాధారణంగా చిరాకు. ఈ పిల్లల మీద మాత్రం కోపం రాదు. దీనికి కొన్ని కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, వాళ్ళ ఉద్దేశం. ఎలిజబెత్‌కు కేకు వల్ల లాభం లేదు. పెట్టెలో వేయవలసిన డబ్బు ఖర్చు చేసినందుకు నిందే మిగిలింది. గ్వెండొలిన్ కూడా ఇతరుల విషయాల్లో తలదూరుస్తుంది. కాని అది తన గొప్ప కోసం, ఇతరులను దించడం కోసం. పని ఒకటే అయినా ఉద్దేశాన్ని బట్టి ఒకటి సాయం, మరొకటి కూపీ లాగడం అవుతుంది.

రెండోది, వాళ్ళకు తప్పులున్నాయి. అంతా తెలిసినవాళ్ళు సలహా చెబితే మనకు ఒళ్ళు మండుతుంది. కోపిష్ఠి, తొందరపాటు మనిషి పరుగున వస్తే మనలాంటిదే కదా అనిపిస్తుంది.

మూడోది, వాళ్ళు ఫలితం నుంచి పారిపోరు. తాము చెడగొట్టినదాన్ని తామే వెళ్ళి సరిచేస్తారు. క్షమాపణ చెబుతారు. రచయిత్రి వాళ్ళను ఊరకే వదలదు. ప్రతి తొందరపాటుకూ మూల్యం కట్టిస్తుంది.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. వాళ్ళు పూనుకోకపోతే మరెవరూ పూనుకోరు. జోన్ దిగులు ఆ బడిలో చాలామందికి కనిపించింది. అది మన పని కాదని అందరూ ఊరుకున్నారు. ఊరుకోలేనిది ఒక్కతే.

3.7 సొంత ఇంటి కథ

ఇంత రాసిన ఎనిడ్ తన ఇంట్లో ఎలా ఉండేది? ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

తండ్రి 1920లో చనిపోయాడు. ఎనిడ్ అంత్యక్రియలకు వెళ్ళలేదు. తల్లితో రాకపోకలు మానుకుంది. 1950లో తల్లి చనిపోయినప్పుడు కూడా వెళ్ళలేదు. హ్యూతో కాపురం 1942లో విడాకులతో ముగిసింది. 1943లో ఆమె కెన్నెత్ డారెల్ వాటర్స్ అనే సర్జన్‌ను పెళ్ళి చేసుకుంది. మాలరీ టవర్స్ నాయికకు పేరు ఆయన పేరులోనుంచే వచ్చింది. విడాకుల తర్వాత హ్యూ తన కూతుళ్ళను మళ్ళీ కలుసుకోలేకపోయాడు. తండ్రి దూరమైతే పిల్లకు ఎలా ఉంటుందో ఎనిడ్‌కు తెలుసు. అయినా తన పిల్లల విషయంలో అదే జరిగింది.

చిన్న కూతురు 1989లో తన బాల్యం గురించి ఒక పుస్తకం రాసింది. తల్లి ప్రేమ తనకు దక్కలేదని అందులో బాధపడింది. పెద్ద కూతురు మాత్రం తల్లిని మంచి తల్లిగానే తలచుకుంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి అనుభవాలు వేరు. రెంటినీ మనం గౌరవించాలి.

మరోవైపు వేలాది పిల్లలకు ఎనిడ్ ఆత్మీయురాలు. వాళ్ళ ఉత్తరాలకు స్వయంగా జవాబులు రాసేది. పిల్లల సంఘాల ద్వారా జబ్బు పడిన జంతువుల కోసం, అంధ బాలల కోసం విరాళాలు పోగుచేసింది. బాల్యంలో ఆమె ఇంటి తలుపు తట్టి ఏమైందమ్మా అని అడిగినవారు లేరు. ఆమె కథల్లో అలా తట్టే పిల్ల ఎప్పుడూ ఉంటుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని రుజువు చేయలేం. కాని చదివేవారికి ఆ ఆలోచన రాకమానదు.

3.8 విమర్శలు, చివరి రోజులు

ఎనిడ్ రచనల మీద విమర్శలు చాలా వచ్చాయి. భాష మరీ తేలిక అన్నారు. కొన్ని గ్రంథాలయాలు ఆమె పుస్తకాలు కొనలేదు. బీబీసీ రేడియో చాలా ఏళ్ళు ఆమె కథలను తీసుకోలేదు. నల్లజాతివారిని, విదేశీయులను, పేదవారిని చిన్నచూపు చూసిన చోట్లు ఆమె పుస్తకాల్లో ఉన్నాయి. ఈ విమర్శ న్యాయమైనదే. తర్వాతి ముద్రణల్లో ప్రచురణకర్తలు అటువంటి వాటిని కొంత మార్చారు.

1960 తర్వాత ఆమెకు మతిమరుపు మొదలైంది. 1967లో కెన్నెత్ చనిపోయాడు. 1968 నవంబరు 28న, 71 ఏళ్ళ వయసులో, లండన్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఎనిడ్ కన్నుమూసింది. ఆమె సృష్టించిన ఎలిజబెత్, డారెల్ మాత్రం ఇంకా బడికి వెళ్తూనే ఉన్నారు, ఇంకా తలదూరుస్తూనే ఉన్నారు.

4. మీరు నేర్చుకున్నది

• ఎనిడ్ బ్లైటన్ 1897లో పుట్టి 1968లో మరణించింది. సుమారు 700 పుస్తకాలు రాసింది.
• ఆమె బడి కథల నాయికలు అడగకపోయినా సాయానికి వెళ్తారు, పొరపాట్లు చేస్తారు, వాటిని ఒప్పుకొని సరిదిద్దుకుంటారు.
• ఉద్దేశం, సొంత లోపాలు, తప్పు ఒప్పుకోవడం, పూనుకునే గుణం – ఇవి వాళ్ళను మనకు దగ్గర చేస్తాయి.
• రచయిత్రి జీవితం, ఆమె రచనలు ఎప్పుడూ ఒకేలా ఉండవు.

5. భాషాంశాలు

కింది జాతీయాల అర్థాలు గమనించండి. ఒక్కొక్కదానితో ఒక సొంత వాక్యం రాయండి.
తలదూర్చు – సంబంధం లేని విషయంలో కల్పించుకొను
తగుదునమ్మా అని – తానే తగినదాన్నని ముందుకు వచ్చి
నోరు మెదపకపోవు – ఏమీ చెప్పకుండా ఉండు
కోపం ముక్కు మీద ఉండు – చిన్న విషయానికే కోపం వచ్చు
కూపీ లాగు – రహస్యాలు తెలుసుకొను

6. పాఠాంత ప్రశ్నలు

1. ఎనిడ్ బాల్యంలో జరిగిన ముఖ్య సంఘటన ఏది? దాన్ని కుటుంబం ఎందుకు దాచింది?
2. ఎలిజబెత్ చేసిన పని మంచిదా, చెడ్డదా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాల్లో రాయండి.
3. డారెల్‌కూ, గ్వెండొలిన్‌కూ ఉన్న తేడాలు రాయండి.
4. మీరు ఎవరి విషయంలోనైనా పిలవకుండా వెళ్ళి సాయం చేశారా? లేదా వెళ్ళవలసి ఉండీ ఊరుకున్నారా? ఆ అనుభవాన్ని ఒక పేజీలో రాయండి.

7. జవాబులు

సరిచూసుకోండి – 1: (అ) 1897 (ఆ) ఊరెళ్ళాడు (ఇ) సెయింట్ క్రిస్టఫర్స్
సరిచూసుకోండి – 2: (అ) తప్పు (ఆ) ఒప్పు (ఇ) తప్పు (ఈ) ఒప్పు